బండి దగ్గిన రోజున



మన పల్లె సంఘములలో మోటారు సైకిలు లేని ఇల్లు నేడు అరుదు. తెల్లవారకముందే పాలు కేంద్రమునకు చేరవలెనన్నా, ఎరువు బస్తా పొలమునకు పోవలెనన్నా, అర్ధరాత్రి బిడ్డకు జ్వరము వస్తే ఆసుపత్రికి పరుగెత్తవలెనన్నా ఆ బండే దిక్కు. అందుచేత ఆ బండిలో మనము పోయించే పెట్రోలును గూర్చి ఈ నెల నాలుగు మాటలు వ్రాయుచున్నాను. వేదాంత పాఠశాలలో చదివిన పాస్టరుకు ఇంజన్లతో ఏమి పని అని కొందరు నవ్వవచ్చును. పని ఉన్నది. ఈ సంగతి తెలియకపోవుటవలన నేను ఒక సహోదరుని అందరి ముందు నొప్పించాను. ముందుగా ఆ మాట చెప్పి తరువాత పెట్రోలు సంగతికి వస్తాను.

2025 ఆగస్టు వానలలో నాకు జ్వరము వచ్చి రెండు వారములు మంచము పట్టాను. బండి వసారా చివర సగము తడుస్తూనే నిలిచియున్నది. జ్వరము తగ్గిన మూడవ రోజున ప్రక్క ఊరినుండి కబురు వచ్చింది. మా సంఘములో అందరికంటె పెద్దదైన తల్లి చివరి ఘడియలలో ఉన్నది, పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేయవలెనని అడుగుచున్నది అని. వెంటనే బండి తీశాను. కాలువ వంతెన దాటగానే బండి దగ్గింది. రెండు సార్లు ఎగిరి, మూడవసారి ఆగిపోయింది. ఎన్ని కిక్కులు కొట్టినను లేవలేదు. బండి అక్కడే వదలి నడిచాను. నేను చేరేసరికి ఆ తల్లి కన్నుమూసి అరగంట అయినది. "చివరిదాకా గుమ్మం వైపే చూసింది అయ్యగారూ" అని ఆమె కోడలు చెప్పిన మాట నేటికిని నా చెవిలో ఉన్నది.

ఆ దుఃఖము కోపముగా మారింది. ఆ ఆదివారము దొంగ తూనికలను గూర్చి ప్రసంగించుచు, "మన దగ్గర బంకులో పోసేది పెట్రోలో, నీళ్లో దేవునికే తెలియాలి" అన్నాను. ఎవరి పేరూ చెప్పలేదు. అయితే మా ఊరికి దగ్గరలో ఉన్న బంకు ఒక్కటే. అక్కడ పైపు పట్టుకొని పని చేసే సహోదరుడు మా సంఘస్థుడే. ఆ రోజు నాలుగవ వరుసలో భార్యాబిడ్డలతో కూర్చుండి ఉన్నాడు. తరువాతి ఆదివారము ఆ వరుస ఖాళీగా ఉన్నది.

అసలు నా బండిలో ఏమి జరిగింది? అది అర్థము కావలెనంటే పెట్రోలులోని రెండు సంగతులు తెలియవలెను. ఒకటి ఆక్టేన్, రెండవది ఇథనాలు.

ఆక్టేన్ అంటే బలము కాదు, ఓర్పు

బంకులో మామూలు పెట్రోలు ఒకటి, దాని ప్రక్కనే ఎక్కువ ధర గల ప్రీమియం పెట్రోలు ఒకటి ఉండుట మీరు చూచియుందురు. "ఇది 95 ఆక్టేన్, ఇది పోస్తే బండి గాలిలో తేలుతుంది" అని చెప్పేవారు ఉన్నారు. 100 ఆక్టేన్ పెట్రోలును కూడా ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో మన దేశములో అమ్మకమునకు తెచ్చింది. ఈ అంకె ఎంత పెద్దదైతే పెట్రోలులో అంత బలమున్నదని మనలో చాలామంది అనుకొనుచున్నాము. అది నిజము కాదు.

ఇంజనులో జరిగే పని ఇది. గాలి, పెట్రోలు ఆవిరి కలిసి సిలిండరులోనికి వచ్చును. పిస్టన్ పైకి లేచి ఆ మిశ్రమమును గట్టిగా నొక్కును. మన మామూలు మోటారు సైకిళ్లలో తొమ్మిది పది పాళ్ల చోటులో ఉన్నదానిని ఒక్క పాలు చోటులోనికి కుదించును. నొక్కిన కొద్దీ అది వేడెక్కును. సైకిలు పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు క్రింది భాగము వేడెక్కుట మీరు ఎరుగుదురు గదా, అలాగే. సరిగ్గా వేళకు స్పార్క్ ప్లగ్గు నిప్పురవ్వ వేయును. అక్కడ అంటుకొన్న మంట ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు వరుసగా నడచి పిస్టనును క్రిందికి తోయును.

కోత అయిన చేలో వరి కొయ్యలకు ఒక గట్టు దగ్గర నిప్పు అంటుకొన్నదనుకొనుడి. మంట వరుసగా అవతలి గట్టుకు నడచిపోవును. అట్లుగాక ఆ మంట ఇంకా రాకముందే అవతలి మూల తనంతట తానే భగ్గుమన్నదనుకొనుడి. రెండు మంటలు ఒకదానికొకటి ఎదురుపడును. ఇంజనులో అలాగు జరిగినప్పుడు లోపలినుండి సన్నని సుత్తితో ఇనుమును కొట్టినట్లు టిక్కు టిక్కుమని శబ్దము వచ్చును. దీనినే మెకానిక్కులు నాకింగ్ అందురు. వెనుక మనిషిని, మధ్యలో బియ్యపు మూటను పెట్టుకొని, పెద్ద గేరులోనే ఎత్తు ఎక్కించునప్పుడు కొన్ని బండ్లలో ఈ శబ్దము వినవచ్చును. అది ఎక్కువకాలము సాగితే పిస్టన్ పాడగును.

నొక్కుడును, వేడిని తట్టుకొని, తన వేళ రాకముందు అంటుకొనకుండ ఆగగలిగిన గుణమునే ఆక్టేన్ సంఖ్య కొలుచును. ఈ కొలత 1920వ దశకములో ఏర్పడింది. ఐసో ఆక్టేన్ అను ద్రవము చక్కగా ఓర్చుకొనును గనుక దానికి 100 అని, హెప్టేన్ అను మరియొక ద్రవము తొందరగా అంటుకొనును గనుక దానికి సున్న అని పెట్టిరి. ఒక పెట్రోలుకు 91 అంటే, ప్రత్యేకమైన పరీక్ష ఇంజనులో అది 91 పాళ్ల ఐసో ఆక్టేన్, 9 పాళ్ల హెప్టేన్ కలిపిన ద్రవమువలె ప్రవర్తించినదని అర్థము.

కాబట్టి ఆక్టేన్ అంటే బలము కాదు, ఓర్పు. ఎక్కువ నొక్కుడు గల ఇంజనుకు ఎక్కువ ఓర్పు గల పెట్రోలు అవసరము. అట్టి ఇంజను దానివలన నిజముగా ఎక్కువ పని చేయును. తక్కువ నొక్కుడుకు తయారైన మన వంద సీసీ బండికి ఆ అదనపు ఓర్పుతో పని లేదు. 91 చాలునని తయారుచేసినవారే పుస్తకములో వ్రాసినప్పుడు, 100 ఆక్టేన్ పోసినంత మాత్రమున బలము పెరగదు, మైలేజీ పెరగదు. ఖర్చు మాత్రము పెరుగును.

అమెరికాలో ఉన్న మన పిల్లలు "ఇక్కడ మామూలు పెట్రోలు 87 మాత్రమే" అని ఫోనులో చెప్పినప్పుడు మన పెట్రోలే మెరుగని అనుకొనవద్దు. అక్కడ రెండు విధముల పరీక్షలు చేసి వాటి సగటును బంకు మీద వ్రాయుదురు. మనము ఒక పరీక్ష అంకెనే వ్రాయుదుము. అక్కడి 87, ఇక్కడి 91 ఇంచుమించు ఒకటే.

సీసము నేర్పిన పాఠము

పెట్రోలుకు ఈ ఓర్పు ఎక్కడనుండి తేవలెనని గత శతాబ్దములో చాలా వెదకిరి. 1921 డిసెంబరులో అమెరికాలోని జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో థామస్ మిడ్జ్‌లీ అను ఇంజనీరు, సీసముతో చేసిన ఒక ద్రవమును కొద్దిగా కలిపితే నాకింగ్ ఆగిపోవుచున్నదని కనిపెట్టాడు. ఆల్కహాలు కలిపినను అది తగ్గునని ఆ పరిశోధకులు ఎరిగియే యుండిరి. అయినను సీసము చాలా కొద్దిగా కలిపితే చాలును, ఖర్చు స్వల్పము. లోకమంతయు ఆ త్రోవనే పట్టింది.

సీసము విషము. 1924లో న్యూజెర్సీలోని ఒక శుద్ధి కర్మాగారములో ఆ ద్రవము తయారుచేయుచున్న పనివారు అయిదుగురు మతి తప్పి మరణించారు. మిడ్జ్‌లీ తానే సీసపు విషముచేత అస్వస్థుడై కొంతకాలము విశ్రాంతి తీసికొనవలసి వచ్చింది. అయినను వాడకము ఆగలేదు. దశాబ్దముల తరబడి బండ్ల పొగలో సీసము గాలిలో కలిసి పసిపిల్లల రక్తములో చేరింది. వారి మెదడు ఎదుగుదలకు అది హాని చేసింది. మన దేశములో 2000 ఫిబ్రవరి 1 నాటికి సీసము గల పెట్రోలు అమ్మకము ఆగింది. లోకములో చివరిగా అల్జీరియా 2021లో మానింది.

దగ్గర దారి అని పట్టుకొన్నదానికి మూల్యము చెల్లించినది బండి యజమానులు కాదు, వీధిలో ఆడుకొన్న పిల్లలు. గోపురము కట్టబోవువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని మన ప్రభువు నేర్పించినది ఇల్లు కట్టుటకు మాత్రమే గాదు.

ఇథనాలు - లాభము, నష్టము

సీసము పోయిన తరువాత ఓర్పునకు వేరే మార్గములు వచ్చినవి. వాటిలో ఒకటి ఇథనాలు. చెరకు రసమునుండి, మొలాసిస్ అనే చక్కెర మడ్డినుండి, మొక్కజొన్ననుండి, నూకలనుండి దీనిని పులియబెట్టి తీయుదురు. మా సంఘ పెద్ద ఒకరు దీనిని విని, "అయ్యగారూ, మనుషులు చాలక బండ్లకు కూడా తాగిస్తున్నారా?" అని అడిగారు. నవ్వు వచ్చింది గాని మాట నిజమే. సారాయిలో ఉన్న పదార్థమే ఇది. అయితే ఇంధనమునకు ఇచ్చేదానిలో త్రాగకుండ విషపదార్థములు కలుపుదురు. ఎవరును దానిని రుచి చూడరాదు. పిల్లలకు అందుబాటులో ఏ రకమైన పెట్రోలును ఉంచరాదు.

మన దేశములో 2003 జనవరిలో తొమ్మిది రాష్ట్రములలో 5 శాతము ఇథనాలు కలుపు పథకము మొదలైనది. 2022 జూన్ నాటికి దేశమంతటి సగటు 10 శాతమునకు చేరింది. 20 శాతము కలుపుటకు మొదట 2030 అని గడువు పెట్టి, తరువాత దానిని 2025కు ముందుకు జరిపారు. ఆ గురి 2025లోనే అందినది. ఈ 20 శాతపు మిశ్రమమునే ఇ20 అందురు. అంటే పది లీటర్లలో రెండు లీటర్లు ఇథనాలు.

దీనివలన లాభమేమి? విదేశమునుండి కొనే ముడిచమురు కొంత తగ్గును. చెరకు, మొక్కజొన్న పండించువారికి గిరాకీ పెరుగును. అదే మొక్కజొన్న కోళ్ల దాణాకు కొనువారికి మాత్రము బరువగును. ఇంజను విషయములో చూస్తే, ఇథనాలుకు ఓర్పు చాలా ఎక్కువ. దాని ఆక్టేన్ దాదాపు 108. ఇ20 పెట్రోలు ఆక్టేన్ 95 అని పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో ప్రకటించింది. అనగా నాకింగ్ విషయములో ఇది మునుపటికంటె మంచిదే.

నష్టమేమి? ఒక లీటరు ఇథనాలులో ఉన్న శక్తి, ఒక లీటరు పెట్రోలు శక్తిలో మూడింట రెండు వంతులు మాత్రమే. లెక్క మీరే చూడుడి. మిశ్రమములో అయిదవ వంతు ఇథనాలు. ఆ అయిదవ వంతులో మూడింట ఒక వంతు శక్తి తక్కువ. మొత్తము మీద పదిహేనింట ఒక వంతు, అనగా నూటికి ఆరు ఏడు తగ్గును. ఇంజనును దానికి తగినట్లు సర్దితే ఈ నష్టములో కొంత తిరిగి వచ్చును. 2021లో నీతి ఆయోగ్ వెలువరించిన నివేదిక కూడ, పాత పద్ధతి కార్లలో 6 నుండి 7 శాతము, ద్విచక్ర వాహనములలో 3 నుండి 4 శాతము, ఇ20కి సర్దిన కొత్త కార్లలో 1 నుండి 2 శాతము మైలేజీ తగ్గవచ్చునని చెప్పింది. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చిన బండి 48 ఇస్తే అది బంకువాని మోసము కాదు. 50 ఇచ్చినది 35కు పడితే మాత్రము అది ఇథనాలు పని కాదు. బండిలో వేరే లోపము వెదకవలెను.

ఇథనాలులో సహజముగా ఆక్సిజన్ ఉన్నది. అందుచేత అది మండుటకు గాలి తక్కువ చాలును. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన కొత్త ప్రమాణముల బండ్లలో చాలావరకు కార్బురేటరు లేదు. పెట్రోలును కొలిచి చిమ్మే ఏర్పాటు ఉన్నది. అది పొగలోని ఆక్సిజనును చూచి పెట్రోలు పాలును కొంతవరకు తానే దిద్దుకొనును. పాత కార్బురేటరు బండి అలాగు దిద్దుకొనలేదు. దానికి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అయినట్లుండును. ఉదయము తొందరగా లేవదు, ఆక్సిలరేటరు తిప్పగానే ఒక క్షణము తడబడును.

ఈ విషయమై 2025లో దేశమంతట వాదములు జరిగినవి. బండ్లన్నీ పాడైపోవుచున్నవని కొందరు, ఏ నష్టమూ లేదని కొందరు అన్నారు. ఇథనాలు లేని పెట్రోలు కూడ అమ్మవలెనని వేసిన వ్యాజ్యమును సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టివేసింది. కొన్ని పాత బండ్లలో రబ్బరు భాగములు, గ్యాస్కెట్లు మార్చవలసి రావచ్చునని ప్రభుత్వమే ఒప్పుకొన్నది. బ్రెజిల్ దేశము ఈ త్రోవలో మనకంటె చాలా ముందున్నది. అక్కడ 1975లోనే ఇథనాలు కార్యక్రమము మొదలుపెట్టారు. 2003 నుండి ఏ మిశ్రమమునైనను తట్టుకొనే కార్లు అమ్మారు. 2025 ఆగస్టు నుండి 30 శాతము కలుపుచున్నారు. అక్కడ ఇంధనముతో పాటు బండిని కూడ సిద్ధపరచారు. మన పల్లెలలో పదిహేనేళ్ల బండి కూడ ఇంకా ఇంటిని మోయుచున్నది. ఆ బండి కలవారికి ఎవరైనను ఓపికగా చెప్పవలసిన సంగతులు ఉన్నవి.

సీసాలో కనబడిన సత్యము

ఇక నా బండి సంగతి. వంతెన దగ్గరనుండి దానిని తోయించి మెకానిక్ భాయ్ దగ్గర పెట్టాను. అతడు వేరే పనులలో ఉండి పది రోజులకు గాని చేయి వేయలేదు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ట్యాంకు అడుగునుండి పైపు ఊడదీసి ఒక తెల్లని గాజు సీసాలోనికి పెట్రోలు పట్టాడు. కొంచెము సేపు కదలకుండ ఉంచాడు. సీసాలో రెండు పొరలు కనబడినవి. పైన పెట్రోలు, క్రింద మందమైన వేరొక పొర.

"చూశావా భాయ్, ఇన్ని నీళ్లు పోశారు!" అన్నాను.

అతడు తల అడ్డముగా ఊపాడు. "అదంతా నీళ్లు కాదు పాస్టరు గారూ. కొద్దిగా నీళ్లు పడితే పెట్రోల్లో ఉన్న స్పిరిట్టు దాన్ని కలుపుకుంటుంది. మోతాదు దాటితే నీళ్లు స్పిరిట్టునే లాక్కుని కిందకి దిగిపోతాయి. ఒక గ్లాసు నీళ్లు పడితే అంతకంటే ఎక్కువే అడుగున కనబడుద్ది."

తరువాత అతడు ట్యాంకు మూతను త్రిప్పి చూపించాడు. లోపలి రబ్బరు వాచరు ఎండి, పగిలి, ఒక చోట ఊడిపోయి ఉన్నది. రెండు వారముల వాన ఆ సందులోనుండే దిగింది. "నేనూ ఆ బంకులోనే పోయించుకుంటాను" అని తన బండి పైపు తీసి అదే విధముగా సీసాలో పట్టాడు. అది ఒకే పొరగా తేటగా ఉన్నది.

ట్యాంకునుండి పెట్రోలు అడుగు భాగమునుండే దిగును గనుక నీళ్లు కలిసిన పొరయే ముందుగా కార్బురేటరునకు పోయింది. అది మండదు. బండి దగ్గింది, ఆగింది. పైనున్న పెట్రోలు మంచిదే గదా అనుకొనరాదు. ఇథనాలు క్రిందికి పోయినందున పై పొర తన ఆక్టేనును పోగొట్టుకొనును. దానితో నడిపితే నాకింగ్ వచ్చును. కాబట్టి ట్యాంకు మొత్తము ఖాళీచేసి కడుగవలెను. భాయ్ అలాగే చేశాడు. మూత వాచరు, ఒక పెట్రోలు పైపు మార్చాడు. బండి మొదటి కిక్కుకే లేచింది.

నా మనస్సు మాత్రము లేవలేదు. వాచరు పగిలి ఎన్నాళ్లయినదో నాకు తెలియదు. నేను ఏనాడును చూడలేదు. నా అజాగ్రత్తకు వేరొకనిని దొంగను చేశాను.

మన ఇంటి బండికి

ఈ అనుభవముతో నేర్చుకొన్న కొన్ని జాగ్రత్తలు చెప్పుచున్నాను.

1. మీ బండి పుస్తకము తీసి ఎన్ని ఆక్టేన్, ఎంత ఇథనాలు అని వ్రాసియున్నదో చూడుడి. 91 చాలునని ఉంటే ప్రీమియం కొనవలసిన పని లేదు. ఇ10 అని మాత్రమే ఉంటే, తదుపరి సర్వీసులో పెట్రోలు పైపులు, వాచర్లు, కార్బురేటరులోని రబ్బరు భాగములు చూపించుడి.

2. ట్యాంకు మూత రబ్బరును వానాకాలము రాకముందే చూచుకొనుడి. మార్చుటకు పెద్ద ఖర్చు కాదు.

3. వానలో బండిని తడవనీయవద్దు. వారముల తరబడి కదలకుండ నిలుపవలసి వస్తే, ట్యాంకులో అడుగున కొద్ది పెట్రోలుతో వదలవద్దు. ఖాళీ చోటు ఎక్కువైతే తేమ గాలి ఎక్కువ చేరును.

4. పెట్రోలు సీసాలలో, క్యానులలో ఇంటిలో నిలువ ఉంచవద్దు. అది ప్రాణాపాయము. నిలువ ఉన్నది తేమ పట్టి చెడిపోవును కూడ.

5. బరువుతో ఎత్తు ఎక్కునప్పుడు గేరు తగ్గించుడి. టిక్కు టిక్కుమని వినబడితే ఇంజను ఓర్పునకు మించి మోయుచున్నదని అర్థము.

6. బంకు మీద అనుమానము వస్తే నోటితో గాక పరీక్షతో అడుగుడి. ఫిల్టరు కాగితము అడుగుట మీ హక్కు. దాని మీద ఒక చుక్క వేస్తే, మంచి పెట్రోలు మరక లేకుండ ఆరిపోవును. సాంద్రత చూపించమని, అయిదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమని కూడ అడుగవచ్చును. భూమిలోని ట్యాంకులో నీరు చేరినదో లేదో చూచుటకు కొలబద్దకు పూసే ఒక పేస్టు ఉన్నది. నీరు తగిలితే దాని రంగు మారును. మోసము జరుగుచోట ఈ పరీక్షలే మోసమును బయటపెట్టును. జరగనిచోట ఈ పరీక్షలే నిర్దోషిని కాపాడును.

నాలుగవ వరుస

ఆ సాయంకాలమే బంకుకు వెళ్లాను. బలిపీఠము నొద్ద అర్పణ విడిచి ముందు సహోదరునితో సమాధానపడుమని ప్రభువు చెప్పిన మాట మీద ఎన్నో ప్రసంగములు చేసినవాడనే. అయినను ఆ నాలుగడుగులు నడచుట ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. అతడు నన్ను చూచి, "ఎంతకు కొట్టమంటారు అయ్యగారూ?" అని మాత్రము అడిగాడు. బండి ప్రక్కకు పెట్టి జరిగినదంతయు చెప్పాను. తప్పు నాదే, క్షమించు తమ్ముడూ అన్నాను.

అతడు కొంతసేపు మాటలాడలేదు. తరువాత మెల్లగా అన్నాడు. "నాకేం లేదండీ. మా అబ్బాయిని బడిలో పిల్లలు నీళ్ల పెట్రోలోడి కొడుకంటున్నారు. మీరు ఇక్కడ నాతో అంటే వాళ్లకి ఎలా తెలుస్తుంది?"

ఆ మాట నన్ను పొడిచింది. అందరి ముందు వేసిన నిందను చాటుగా తీసివేయలేము. తరువాతి ఆదివారము ప్రసంగమునకు ముందు మూత వాచరును చేతిలో పట్టుకొని సంఘము ఎదుట జరిగినది చెప్పాను. తొమ్మిదవ ఆజ్ఞను మీరినది నేనే అని ఒప్పుకొన్నాను. నాలుగవ వరుసలో అతడు, అతని భార్య, పిల్లవాడు కూర్చుండి ఉన్నారు. ఆ పిల్లవాడు తల ఎత్తి చుట్టు చూచాడు.

ప్రియులారా, పెట్రోలు మంచిదో కాదో నొక్కుడులోనే తెలియును. డబ్బాలో ఉన్నప్పుడు అన్ని పెట్రోళ్లు ఒకటిగానే కనబడును. మన భక్తియు అట్టిదే. దుఃఖము నన్ను నొక్కినప్పుడు నేను వేళకు ముందే అంటుకొన్నాను. ఆ రోజు నా నాలుక ఆక్టేన్ సున్న. ఆత్మ ఫలములలో దీర్ఘశాంతమును కూడ అపొస్తలుడు లెక్కించినాడు. అది అరచేతిలో పట్టుకొని చూపించే బలము కాదు. వేడిలో, ఒత్తిడిలో, తన వేళ వచ్చువరకు ఆగగలిగే గుణము.

ఈ వారము మీ బండి ట్యాంకు మూత ఒకసారి త్రిప్పి చూడుడి. నిజము తెలియకముందే మనము ఎవరి మీదనైన మాట విసిరియుంటే, ఆ ఇంటికి ఆ బండి మీదనే వెళ్లుడి. ప్రభువు మనకు అట్టి ఓర్పును, అట్టి ధైర్యమును దయచేయునుగాక. ఆమేన్.